గుర్తింపు ఎవరి సొత్తు?

ఒక రచయిత చనిపోయిన మర్నాడు ‘ఆయన మనవాడే’ అనడం మనకు అలవాటు. బతికి ఉన్న రోజుల్లో ఆయన పుస్తకం ఒక్కటి కూడా కొనని వాళ్లు ఈ మాట అనడానికి ఏమాత్రం వెనుకాడరు. ఈ మాటలో నిజం ఎంత, అబద్ధం ఎంత అన్నది విచారించవలసిన విషయమే. విచారించక తప్పని పరిస్థితి ఒకటి ఈ మధ్య నాకు కలిగింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

2021 మే 17న పుదుచ్చేరిలో కి. రాజనారాయణన్ తన 98వ ఏట మరణించాడు. తమిళులు ఆయన్ను కి.రా. అని పిలుచుకుంటారు. తమిళనాడు ప్రభుత్వం ఆయన అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరిపించింది. విగ్రహం పెట్టిస్తామని ప్రకటించింది. కరోనా మూలంగా కళాశాలలు మూతపడి ఉన్న రోజులవి. నేను పాణ్యంలో ఇంట్లోనే ఉన్నాను. తోటి అధ్యాపకుడొకాయన ఫోను చేసి, “మనవాళ్లేనంట గదా సార్, ఆయన!” అన్నాడు.

“మనవాళ్లంటే?” అన్నాను.

“అదే... తెలుగువాళ్లు” అన్నాడు, కొంచెం ఆగి. ఆ కొంచెం ఆగడంలో ఏమున్నదో మన సీమలో పుట్టిన వాళ్లకు విప్పి చెప్పనక్కర లేదు. మన దేశంలో మనిషి పోగానే ఆయన పేర మొదట పద్దు తెరిచేది కులం. భాష వచ్చేది ఆ తర్వాత.

“ఆయన రాసినది ఏదైనా చదివినారా?” అని అడిగాను.

“తమిళం గదా సార్, మనకేం తెలుస్తుంది!”

మనిషి మనవాడు, పుస్తకం మాత్రం మనది కాదు. ఇందులోని వైరుధ్యం నా మిత్రునికి తోచలేదు. నిజం చెప్పాలంటే ఆరోజు నాకూ పూర్తిగా తోచలేదు. నేనూ ఆయన్ను అనువాదంలో చదివినవాణ్ణే. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకునే దాకా ఏ తరగతిలోనూ ఏ గురువు నోటా ఆయన పేరు వినలేదు.

ఆయన ఎవరో రెండు మాటల్లో చెప్పుకోవాలి. కి.రా. 1923లో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే పల్లెలో పుట్టాడు. ఎప్పుడో శతాబ్దాల కిందట తెలుగుదేశం నుంచి దక్షిణానికి నడిచిపోయిన రైతు కుటుంబాల సంతతి. ఇంట్లో తెలుగు. బళ్లో తమిళం, అదీ ఏడవ తరగతి వరకే. యౌవనంలో క్షయ పట్టి పీడించింది. సేద్యం చేశాడు. కమ్యూనిస్టు పార్టీలో చేరి 1947–51 మధ్య జరిగిన రైతు పోరాటాల్లో పాల్గొని జైలుకు వెళ్లాడు. 1952లో నెల్లై కుట్రకేసులో ఆయన పేరు ఇరికించి తర్వాత తీసివేశారు. కథలు రాయడం మొదలుపెట్టేసరికి ముప్పయ్యయిదేళ్లు వచ్చాయి. ‘గోపల్ల గ్రామం’ నవల 1976లో వచ్చింది. దాని తరువాయి భాగం ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. ఏడవ తరగతి చదివిన ఈ రైతును అంతకు రెండేళ్ల ముందే పుదుచ్చేరి విశ్వవిద్యాలయం జానపద సాహిత్య విభాగంలో ఆచార్యుడుగా పిలిచి కూర్చోబెట్టింది. పట్టాలు చూసి మనిషిని అంచనా కట్టే మా వృత్తిలో ఇది చిన్న సంగతి కాదు.

ఇంకొక విశేషం. అదే ఇడైసెవల్‌లో అదే 1923లో కు. అళగిరిసామి కూడా పుట్టాడు. ఇద్దరూ స్నేహితులు. అళగిరిసామికి 1970లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అయితే అప్పటికి ఆయన లేడు. ఒక చిన్న పల్లెకు రెండు అకాడమీ బహుమతులు రావడం ఎలా సాధ్యమైందని ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును. నల్లరేగడి మహిమ అని సరిపెట్టుకోవడం సులభమే గాని, అది సమాధానం కాదు.

నల్లరేగడి అన్నాను గనక ఒక మాట. కి.రా. సాహిత్యాన్ని తమిళ విమర్శకులు ‘కరిసల్’ సాహిత్యం అంటారు. కరిసల్ అంటే నల్లరేగడి నేల. పాణ్యం నుంచి నంద్యాల దాకా రైలు కిటికీలో కనిపించేది ఆ నేలే. వేసవిలో చెయ్యి దూరేంత నెరియలు విచ్చి, నాలుగు చినుకులు పడగానే కాలికి రెండు శేర్ల బురద తగిలించే నేల. కె.సి. కాలువ పారే చోట వరి పండుతుంది. కాలువ అందని చోట పత్తి, జొన్న, శనగ. వాన వస్తే పంట, రాకపోతే అప్పు. ‘గోపల్ల గ్రామం’లో ఉత్తరం నుంచి పారిపోయి వచ్చిన తెలుగు కుటుంబాలు ముళ్ల అడవిని తగలబెట్టి ఆ నేలను చేనుగా మార్చుకునే ఘట్టం చదువుతున్నప్పుడు నాకు దూరదేశపు కథ చదువుతున్నట్టు అనిపించలేదు. మా నాయన కూడా అదే మట్టిలో గుంటక తోలినాడు.

ఈ నవల మీద నాకు అభ్యంతరం లేకపోలేదు. అడవిని కాల్చి ఊరు కట్టినవాళ్ల కథను మంగత్తాయారు అవ్వ నోట కి.రా. అద్భుతంగా చెప్పించాడు. ఆ అడవిలో అంతకు ముందే తిరుగుతుండినవాళ్ల మాట మాత్రం నాకు చాలినంత వినిపించలేదు. జైలుకు వెళ్లి వచ్చిన రైతునాయకుడు కూడా తన వంశపు జ్ఞాపకాల దగ్గరికి వచ్చేసరికి భూమి గలవాని కంటితోనే చూశాడేమోనని అనుమానం కలుగుతుంది. అంతమాత్రాన ఆయన గొప్పతనం తగ్గిపోదు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే మనం ఇప్పుడు అడగబోయే ప్రశ్న కూడా ‘ముందు నుంచీ ఉన్నవాళ్ల మాట ఎవరు విన్నారు?’ అన్నదే.

కి.రా. తల్లి భాషను వదిలిపెట్టాడా? భాషాభిమానులు అడిగే మొదటి ప్రశ్న ఇది. నా దృష్టిలో ఈ ప్రశ్నే తప్పు. వదిలిపెట్టాలంటే ముందు చేతిలో ఉండాలి. ఇడైసెవల్ పిల్లవానికి తెలుగు లిపి ఎవరు నేర్పారు? ఆ పల్లె తెలుగు మాట్లాడుతుందని ఇక్కడి పండితులలో ఎందరికి తెలుసు? చేతికి ఇవ్వని దాన్ని జారవిడిచాడని నేరం మోపడం న్యాయం కాదు. పైగా ఆయన రాసిన తమిళం మదురై, మద్రాసు పండితుల తమిళం కాదు. తన చుట్టూ ఉన్న రైతులు, కూలీలు, ముసలమ్మలు మాట్లాడే తమిళం. ఆ మాటలు నిఘంటువుల్లో లేవని గ్రహించి, 1982లో కరిసల్ ప్రాంతపు వాడుక మాటలకు ఒక నిఘంటువే తయారు చేశాడు. ఏ విద్యాపీఠమూ ఆ పని ఆయనకు అప్పగించలేదు.

ఇక్కడ కొంచెం నిలబడి ఆలోచించాలి. రచయితకు లోకం గుర్తింపు ఇస్తుందని మనం అనుకుంటాం. కి.రా. విషయంలో జరిగింది తలకిందులు. అకాడమీ ఆయన్ను గుర్తించడానికి తొమ్మిదేళ్ల ముందే ఆయన తన ఊరి నోటిని గుర్తించాడు. ‘మీరు మాట్లాడేది కూడా భాషే, దీనికీ అకారాది క్రమం ఉన్నది’ అని ఆ నిఘంటువు వాళ్లకు చెప్పింది. బహుమతి ఒక మనిషికి అందింది. నిఘంటువు ఒక ప్రాంతానికంతటికీ అందింది. ఏది పెద్ద గుర్తింపు అంటారు?

మరి తల్లి భాషను పట్టుకుని వేలాడినవాని గతి ఏమిటి? దీనికి ఐరోపా నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం.

స్లొవేనియన్ భాష మాట్లాడేవాళ్లు ప్రపంచంలో సుమారు ఇరవై లక్షల పైచిలుకు. మన ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభా అంతకంటే ఎక్కువ. అయినా స్లొవేనియా తన జాతీయకవి ప్రెషెరెన్ మరణించిన ఫిబ్రవరి 8వ తేదీని దేశానికంతటికీ సెలవుదినంగా పాటిస్తుంది. 2011 లెక్కల ప్రకారం ఎనిమిది కోట్ల పైచిలుకు ఉన్న మనం గిడుగు పుట్టినరోజు నాడు బళ్లో ఒక ఉపన్యాసం చేసి మిఠాయి పంచుతాం. చిన్న భాష, పెద్ద భాష అన్న మాటలు తలలు లెక్కపెట్టి అనేవి కావని ఇందువల్ల తెలుస్తుంది.

ఆ భాషలో రాసిన బోరిస్ పహోర్ 1913లో ట్రియెస్ట్ నగరంలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యపు రేవు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ చేతికి వచ్చింది. 1920 జూలై 13న ఫాసిస్టులు ఆ నగరంలో స్లొవేనియన్ల సాంస్కృతిక భవనాన్ని తగలబెట్టారు. ఏడేళ్లు నిండని పహోర్ ఆ మంటలు కళ్లారా చూశాడు. తర్వాత బళ్లో ఆ భాష నిషిద్ధమైంది. మనుషుల పేర్లు కూడా ఇటాలియన్ పేర్లుగా మార్చారు. రెండవ యుద్ధకాలంలో నాజీలు అతన్ని పట్టుకుని నాత్స్‌వైలర్, డాఖౌ, డోరా, బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరాలకు తిప్పారు. బతికి వచ్చి, ట్రియెస్ట్‌లోనే బడిపంతులుగా సాహిత్యం బోధించుకుంటూ, ఇటలీ పౌరుడై ఉండి కూడా జీవితాంతం స్లొవేనియన్‌లోనే రాశాడు. శిబిరాల అనుభవం మీద ఆయన రాసిన ‘నెక్రొపోలా’ 1967లో అచ్చయింది. ఫ్రెంచిలోకి 1990లో వెళ్లింది. తాను పుట్టి పెరిగిన నగరపు రాజభాష అయిన ఇటాలియన్‌లో అది విస్తారంగా పాఠకుల చేతికి చేరింది 2008లో! అప్పటికి ఆయనకు తొంభై నాలుగేళ్లు దాటాయి. తన ఇంటి పక్కవాడు తనను చదవడానికి నలభై ఏళ్లు పట్టింది. పొరుగువాని చెవికి చేరడానికి ఆ పుస్తకం పారిస్ మీదుగా తిరిగి రావలసి వచ్చింది.

2020 జూలై 13న, అంటే భవనం కాలిన సరిగ్గా వంద ఏళ్లకు, ఇటలీ అధ్యక్షుడూ స్లొవేనియా అధ్యక్షుడూ ఇద్దరూ ట్రియెస్ట్ వచ్చి, ఆ భవనం స్లొవేనియన్లకు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసి, పహోర్‌కు రెండు దేశాల తరఫునా పతకాలు ఇచ్చారు. అప్పటికి ఆయన వయస్సు నూట ఆరు. ఇంకో రెండేళ్లు బతికి 2022 మేలో పోయాడు. నూట ఆరేళ్లు బతకడం రచయిత ధర్మం కాదు గదా! అరవైలోనో డెబ్బైలోనో పోయి ఉంటే ఈ కథకు ఈ ముగింపు ఉండేదే కాదు. గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చి తీరుతుందని మనల్ని మనం ఊరడించుకుంటాం. వచ్చినవాళ్ల కథలే మనకు తెలుస్తాయి గనక అలా అనిపిస్తుంది.

పహోర్ కథలో మన అభ్యుదయవాదులు దాటవేయడానికి వీల్లేని ఘట్టం ఒకటి ఉంది. ఫాసిస్టులు అతని భాషను తగలబెట్టారు, నాజీలు శరీరాన్ని కాల్చినంత పని చేశారు. ఇంతవరకు మనకు ఇబ్బంది లేదు. 1975లో ఆయన మరొక రచయితతో కలిసి కవి ఎడ్వర్డ్ కోస్‌బెక్‌తో జరిపిన సంభాషణను ప్రచురించాడు. కోస్‌బెక్ యుద్ధకాలంలో విమోచనోద్యమంలో పనిచేసినవాడే. యుద్ధం ముగిశాక, శత్రువులతో చేతులు కలిపిన స్లొవేనియన్ సైనికులను విచారణ లేకుండా వేలసంఖ్యలో చంపివేశారని ఆ సంభాషణలో ఆయన బయటపెట్టాడు. దాని ఫలితంగా సోషలిస్టు యుగొస్లావియా పహోర్‌ను కొన్నేళ్లపాటు తన గడ్డ మీద అడుగు పెట్టనివ్వలేదు. తన భాషను రాజభాషగా గౌరవించిన రాజ్యమే తన నోరు నొక్కింది! ‘భాష మాది, కాబట్టి ఆ భాషలో మాట్లాడేవాడు మా మాటే మాట్లాడాలి’ అన్న వాదన ఎర్రజెండా కింద నిలబడి అన్నా తప్పే. ఇది శత్రువుల ప్రచారమని కొట్టిపారేసే మిత్రులు నాకున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను.

పక్కనే ఆస్ట్రియాలో ఫ్లోర్యన్ లిపుష్ అనే ఇంకొక స్లొవేనియన్ రచయిత ఉన్నాడు. 1937లో పుట్టినవాడు, ఇతనూ బడిపంతులే. తల్లిని నాజీలు రావెన్స్‌బ్రుక్ శిబిరంలో చంపారు. ఆ తల్లి భాషలోనే రాస్తానని పట్టుబట్టాడు. 2018లో ఆస్ట్రియా తన అత్యున్నత సాహిత్య బహుమతి ఇచ్చింది. జర్మన్‌లో రాయని రచయితకు ఆ బహుమతి రావడం అదే మొదలు. ఆయన నవలను 1981లో జర్మన్‌లోకి తెచ్చినవాళ్లలో పేటర్ హాండ్కే ఒకడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే విద్యాలయంలో చదివారు. బెంచీ మీద పక్కన కూర్చున్నవాడు అంతవాడు కాకపోతే ఏమై ఉండేదో!

ఇప్పుడు ప్రశ్నను సూటిగా అడుగుదాం. గుర్తింపు అంటే ఏమిటి?

హెగెల్ 1807లో రాసిన గ్రంథంలో యజమాని–దాసుల సంబంధాన్ని విశ్లేషిస్తూ ఒక చిక్కు చూపించాడు. యజమాని దాసుని చేత గౌరవం చేయించుకుంటాడు. కాని దాసుణ్ణి తనతో సమానమైన మనిషిగా తాను ఒప్పుకోడు గనక, ఆ గౌరవం అతనికి ఆనదు. సమానుడు ఇచ్చినదే గుర్తింపు. ఈ సూత్రాన్ని భాషలకు వర్తింపజేసి చూడండి. పెద్ద భాష చిన్న భాష రచయితకు పతకం ఇస్తుంది. ఇస్తూనే, ‘నువ్వు రాసింది మా భాషలోకి వచ్చినప్పుడే సాహిత్యమైంది’ అని మాటల్లో కాకపోయినా చేతల్లో చెబుతుంది. అది గుర్తింపు కాదు, దత్తత. దత్తత వెళ్లిన పిల్లవాడు గోత్రం మార్చుకోవాలి.

‘భాష పనిముట్టు మాత్రమే, రచయితకు వస్తువు ముఖ్యం, పీడితులకు భాషాభేదం లేదు’ అని మన సభల్లో ఒక వాదం వినబడుతుంది. భాష పునాది మీద లేచిన ఉపరితల నిర్మాణం కాదనీ, అన్ని వర్గాలకూ ఉమ్మడిగా పనికివచ్చేదనీ 1950లో స్టాలిన్ రాశాడు గదా అని దానికి దన్ను చూపుతారు. భాష అన్ని వర్గాలదీ కావచ్చు. ఆ భాషలో ఏ మాట అచ్చులోకి ఎక్కాలి, ఏ మాట కొట్టివేయాలి అని తేల్చే ఎర్రసిరా కలం మాత్రం అన్ని వర్గాల చేతిలోనూ లేదు. పనిముట్టు అన్న పోలికే తీసుకుందాం. మడక పనిముట్టే. కాని మా నేలలో పనికివచ్చే మడక డెల్టా భూముల్లో పనికిరాదు, అక్కడిది ఇక్కడ దిగబడుతుంది. రైతుకు తెలిసిన ఈ సంగతి మన సిద్ధాంతవేత్తలకు తెలియదంటే నమ్మబుద్ధి కాదు.

ఇందుకు ఎదుటి పక్షాన ఇంకొక మూఢత్వం ఉంది. తల్లిభాషలో రాస్తే చాలు, అది సాహిత్యమైపోతుందని. మధ్యతరగతి కథ ఒకటి రాసి, అందులో విస్తట్లో ఊరగాయలా నాలుగు మాండలిక పదాలు వడ్డించి, ‘సీమ కథ’ అని పేరు పెట్టడం ఈ మధ్య ఎక్కువైంది. కి.రా. అలా చేయలేదు. ఆయన వాక్యం నడకే పల్లె నడక అని, తమిళం ఎరిగిన మిత్రులు చదివి వినిపించినప్పుడు నాకు చెవికి తెలిసింది.

గుర్తింపు వట్టి గౌరవమని కూడా అనుకోరాదు. దానికి అన్నంతో సంబంధం ఉంది. రచయితకు కీర్తి ఎందుకు, రాయడమే ఆనందం గదా అనేవాళ్లకు సాధారణంగా నెలజీతం ఉంటుంది. నాకూ ఉంది, అందుకే ఆ మాట అనడానికి జంకుతాను. మన భాషలో అకాడమీ మొదటి బహుమతి 1955లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు వచ్చింది. ఆయన 1953లోనే కన్నుమూశాడు. ఏడో తరగతితో చదువు ఆగి, కూలిపనుల నుంచి పైకి వచ్చిన రావూరి భరద్వాజకు జ్ఞానపీఠం ప్రకటించింది 2013 ఏప్రిల్‌లో. అక్టోబరులో ఆయన పోయాడు. ఆరు నెలలు! ఆ పురస్కారం ముప్పయ్యేళ్ల ముందు వచ్చి ఉంటే ఎన్ని పుస్తకాలు ఎంత నెమ్మదిగా రాసుకునేవాడో. కి.రా.కు పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉద్యోగం అకాడమీ ఫలకం కంటే విలువైనదని నేననడం ఇందుకే. దాని వల్ల ఆయన చుట్టూ విద్యార్థులు చేరారు, జానపద కథలు పోగయ్యాయి.

ఇక నా సంగతి.

మూడేళ్ల కిందట మా కళాశాల వార్షిక సంచికకు నేను సంపాదకుణ్ణి. బి.ఏ. మొదటి సంవత్సరం కుర్రవాడొకడు కథ ఇచ్చాడు. తండా నుంచి వచ్చేవాడు. సుగాలీలు ఇళ్లల్లో మాట్లాడుకునేది గోర్‌బోలీ. దానికి సొంత లిపి లేదు. జనాభా లెక్కలవాళ్లు దాన్ని హిందీ శీర్షిక కింద కలిపివేశారు. కథ తెలుగులోనే ఉంది. బెంగళూరు పనికి వలసపోయిన తల్లిదండ్రులు, ముసలిదాని దగ్గర మిగిలిన పిల్లలు. కథనం కాస్త గజిబిజిగా ఉన్నా ప్రాణం ఉన్న కథ. సంభాషణల్లో మాత్రం వాడు తెలుగు లిపిలో తన భాష రాశాడు. తల్లిని పిలిచిన ప్రతిచోటా ‘యాడి’ అని ఉంది.

ఎర్రసిరాతో ‘యాడి’ కొట్టివేసి ‘అమ్మ’ అని దిద్దాను. సంభాషణలన్నీ చక్కటి తెలుగులోకి మార్చాను. రెండు రాత్రులు కూర్చున్నాను. పిల్లవానికి ఉపకారం చేస్తున్నానన్న తృప్తి కూడా కలిగింది. మర్నాడు పిలిచి చూపించాను. వాడు పేజీలు తిప్పి చూసి చాలాసేపు మాట్లాడలేదు.

“ఇదెవరి కథ సార్?” అన్నాడు చివరికి.

“నీదే గదరా. చదివేవాళ్లకు అర్థం కావాలని కొంచెం సవరించినా.”

“మా యాడి ఈ మాటలనదు సార్. అమ్మ అంటే మీయమ్మ. మా ఇంట్లో ఉండేది యాడి.”

నాకు కోపం వచ్చింది. చదివేవాళ్లలో తొంభై మందికి తెలియని మాట పెట్టి ఏం సాధిస్తావని అడిగాను. వాడు జవాబు చెప్పకుండా తన కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు. సంచిక వాని కథ లేకుండానే వచ్చింది. ఆ తర్వాత ఏ పోటీకీ ఏ సంచికకూ వాడు ఏమీ ఇవ్వలేదు. తరగతిలో మూడో వరుసలో కూర్చునేవాడు. అడిగిన ప్రశ్నలకు పుస్తకంలో ఉన్న తెలుగులో, తప్పుల్లేకుండా, జవాబు రాసేవాడు. మార్కులు బాగానే వేసేవాణ్ణి.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక సదస్సులో ‘మడక’ అన్నాను. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన ఒకరు, “నాగలి అనరాదటయ్యా?” అని నవ్వాడు. సభ అంతా నవ్వింది. ఆ నవ్వు పన్నెండేళ్లయినా నా చెవిలోంచి పోలేదు. ఆ నవ్వు గుర్తుండగానే ఆ కుర్రవాని ‘యాడి’ని కొట్టివేసిన చెయ్యి నాదే. దెబ్బ తిన్నవాడు దెబ్బ కొట్టడని మనం అనుకుంటాం గాని, దెబ్బ తిన్నవానికి ఆ కర్ర ఎక్కడ దొరుకుతుందో బాగా తెలిసి ఉంటుంది. సీమ మాటను కోస్తావాళ్లు హేళన చేశారని వ్యాసాలు రాసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. తండా మాట దగ్గర నేనే కోస్తావాణ్ణయ్యాను.

మా ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలోనే వచ్చింది. అంతకు ముందు దత్తమండలాలు. నిజాం నవాబు 1800లో కుంపిణీవాళ్లకు ఇచ్చివేసిన జిల్లాలు గనక ఆ పేరు. ఒకడు మరొకడికి ఇచ్చిన వస్తువు పేరుతో బతకడం ఏమిటని ఇక్కడివాళ్లకు రోషం కలిగింది. కొత్తపేరు సూచించిన చిలుకూరి నారాయణరావు సీమవాడు కాదు. ఉత్తరాంధ్రలో పుట్టి అనంతపురం కళాశాలకు తెలుగు చెప్పడానికి వచ్చిన పంతులు. బయటివాడైనా తన ఎదుట ఉన్నవాళ్లు దేన్ని అవమానంగా భావిస్తున్నారో ఆయన విన్నాడు. నేను ఆ పని చేయలేదు. పాణ్యంలో పుట్టి, తండాకు అయిదారు మైళ్ల దూరంలో పెరిగి, తల్లిని అక్కడ ఏమని పిలుస్తారో ముప్పయ్యేళ్లు దాటేదాకా ఎరగను.

‘అర్థం కావాలి’ అన్న నా వాదనను తిరిగి తిరిగి పరీక్షించుకున్నాను. అందులో కొంత బలం లేకపోలేదు. ఎవరికీ అర్థం కాని కథ ఎవరినీ కదిలించదు. కాని ‘యాడి’ అర్థం కాకపోవడానికి ఆ కథలో ఏముంది? పిల్లవాడు ఏడుస్తూ ఎవరిని పిలుస్తాడో తెలియని పాఠకుడుంటాడా? నా అసలు భయం అర్థం కాదేమోనని కాదు. తెలుగు సంచికలో తెలుగు కాని మాటకు నట్టింట్లో చోటు ఇవ్వవలసి వస్తుందేమోనని. తమిళ పత్రికలవాళ్లు కి.రా. తొలి కథలను చూసి, ‘ఈ పల్లెటూరి మాటలు మా పాఠకులకు తెలియవు’ అని ఎర్రసిరా పట్టుకుని ఉంటే ఇవాళ ‘మనవాడే’ అనడానికి మనకు ఎవరు మిగిలేవారు?

2024లో సాహిత్య అకాడమీ తెలుగు యువ పురస్కారం రమేశ్ కార్తీక్ నాయక్‌కు వచ్చింది, ‘ధావ్లో’ అనే గోర్ బంజారా కథల సంపుటికి. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన యువకుడు. ఇడైసెవల్‌లో తమిళానికి తెలుగిల్లు ఏమి చేసిందో, ఇక్కడ తెలుగుకు తండా ఆ పని చేస్తున్నది. ఆ బహుమతిని చూసి తెలుగువాళ్లు గర్వపడుతున్నారు. పడవచ్చు. కాని అది తెలుగు పుస్తకానికి తెలుగు విభాగంలో వచ్చిన బహుమతి. అకాడమీ గుర్తించిన ఇరవై నాలుగు భాషల్లో గోర్‌బోలీ లేదు. పట్టికలో లేని భాషల కోసం అకాడమీ 1996 నుంచి ‘భాషా సమ్మాన్’ ఇస్తున్నది. ఇంట్లోకి రానివ్వకపోయినా వసారాలో పీట వేసినట్టు. ఆ యువకుని విజయం చూసి, గోర్‌బోలీలోనే రాసి గోర్‌బోలీలోనే చదివించుకునే హక్కు ప్రశ్న తీరిపోయిందని అనుకోవడం పొరపాటు. ఆయన తెలుగులో రాయడం ఆయన ఎంపిక కావచ్చు; కి.రా.కు లాగా వేరే దారి లేకపోవడమూ కావచ్చు. బయటినుంచి చూసి ఏది అని చెప్పడానికి మనకు అధికారం లేదు.

‘ధావ్లో’కు బహుమతి ప్రకటించిన వార్త పత్రికలో చూసినరోజే నేను ఆ కుర్రవాని కోసం వెతికాను. డిగ్రీ ముగించుకుని నంద్యాలలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడని తెలిసింది. వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కథ మాట ఎత్తాను. అప్పుడు నేను చేసింది తప్పని చెప్పాను. ఆ మాట దుకాణంలో గిరాకీల మధ్య చెప్పడం అనుకున్నదానికంటే కష్టమైంది. వాడు యూరియా బస్తాల పద్దు వైపు చూస్తూ నిలబడ్డాడు.

“మీరు దిద్దిన కాగితాలు ఉండాయి సార్. ముందు రాసింది లేదు” అన్నాడు.

మళ్లీ రాయమన్నాను. ఎలా రాస్తే అలాగే అచ్చు వేస్తానని, ఒక్క అక్షరం ముట్టుకోనని చెప్పాను.

“అర్థం కాకపోతే?” అన్నాడు. నవ్వాడో లేదో నాకు సరిగా తెలియలేదు.

అర్థం కానివాళ్లు నిన్నే వచ్చి అడుగుతారన్నాను. చూస్తానన్నాడు. ఇప్పటికి వాణ్ణి ఇలా అడగడం రెండోసారి. మొదటిసారి అడిగిన ఏడాది కథ రాలేదు. ఈ సంవత్సరపు సంచిక వచ్చే నెలలో అచ్చుకు పోతుంది. ఆరు పేజీలు ఖాళీగా ఉంచమని ప్రెస్సువాళ్లకు చెప్పాను. పేజీల లెక్క తప్పుతుందని మా సంఘ సభ్యులు గొణుగుతున్నారు.